మేనల్లుడి పాటకి ఒకే ఒక్క మార్కు

మా ఇంటావిడ బాలాత్రిపురసుందరి జీవితంలో మొదటి గెలుపు విజయవాడ రేడియో స్టేషన్లో లలిత సంగీతం ఆడిషన్ నెగ్గడం. అది మూడోసారికి దక్కింది. మొదటిసారి శ్రుతి నిలవలేదన్నారు. రెండోసారి ఏమీ అనలేదు, ఇంటికి ఒక కార్డు ముక్క వచ్చింది, అంతే. మూడోసారి వాళ్ళ నాన్నగారు "ఇక చాల్లేమ్మా, పరువు పోతోంది" అన్నా వినకుండా తెనాలిలో ప్యాసింజరెక్కి వెళ్ళి పాడి వచ్చింది. ఆ పరీక్షలో పాడేవాళ్ళు ఒక గదిలో, వినేవాళ్ళు మరో గదిలో. పేరు చెప్పకూడదు. నంబరు ఒక్కటే. ఆ స్టేషన్లోనే వాళ్ళ చుట్టం ఒకాయన పనిచేసేవాడు. నెగ్గిన నంబరు మన సుందరిదని ఆయనకూ ఫలితం వచ్చాకే తెలిసింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు దీనితో పనుంది.

మన కాలనీ సంఘం పత్రికలో ఈసారి ఎవరి గురించి రాయాలని కమిటీలో మాట వచ్చినప్పుడు, మా ఆవిడ గురించి నేనే రాస్తానని లేచాను. నవ్వినవాళ్ళు నవ్వారు. నాది మా ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి చదువు. అయినా ఈ సుబ్బరామయ్య ఒక్క ట్రంకు పెట్టెతో హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్‌లో అద్దె గదిలో వుండి, సినిమా సెట్టింగులకు ప్లైవుడ్డు అమ్మి, ఫిల్మ్ నగర్‌లో సొంత ఫ్లాటు కొన్నాడు. మీరు తెరమీద చూసిన రాజమహళ్ళలో, జైళ్ళలో, ఆస్పత్రుల్లో సగం నా చెక్కే. రెండుసార్లు సంఘం అధ్యక్షుణ్ణి. ఇంత చేసినవాణ్ణి, సొంత ఇంట్లో జరుగుతున్నది తెలుసుకోలేక నోరు తెరుచుకుని నిలబడ్డాను. అదే రాస్తున్నాను.

సుందరి సాధించినవి చెప్పాలంటే చాలా వున్నాయి. పెళ్ళయ్యాక హిందీ ప్రవేశిక పరీక్ష పాసయింది. ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరువాడు మన వీధి వదిలేసి కొండ మీది బంగళాలకు పోతుంటే, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్యాంకరుకు అడ్డంగా ఆటో పెట్టించి వెనక్కి తిప్పించింది ఈవిడే. ఆ రోజు ఆమె చేతిలో గరిటె కూడా వుందని కొందరంటారు, అది అబద్ధం. చేతిసంచీ.

ఇక అసలు కథ. రెండేళ్ళ కిందట ఒక గురువారం పొద్దున ఇంటికి ఫోను వచ్చింది. రష్మి అనే అమ్మాయి. జూబ్లీహిల్స్‌లోని ఒక ఎఫ్ఎం స్టేషన్ తరఫున మాట్లాడుతున్నానని, వారం వారం ఫోనులో కొన్ని పాట ముక్కలు వినిపిస్తానని, నచ్చినదాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు చెప్పాలని అడిగింది. పాట పేరు, సినిమా పేరు చెప్పరట. ముందుగా ఒక ప్రశ్న వేసింది.

"మీ ఇంట్లో గానీ దగ్గర బంధువుల్లో గానీ సినిమా, టీవీ, రేడియో పనుల్లో ఎవరైనా ఉన్నారా అమ్మా?"

సుందరి ఫోను చేత్తో మూసి నా వైపు చూసింది. "ఏం చెప్పమంటారు?"

"మనది చెక్క వ్యాపారం. చెక్క సినిమా ఎలా అవుతుంది?" అన్నాను.

"లేరమ్మా" అని చెప్పింది. అప్పటినుంచి ప్రతి గురువారం అదే ప్రశ్న, అదే జవాబు. ఫిల్మ్ నగర్‌లో వుండి సినిమావాళ్ళెవరూ మా చుట్టాలు కారని చెప్పడం ఎంత వింతో అప్పట్లో మాకు తోచలేదు. ఇక్కడ ఇడ్లీ బండివాడి బావమరిది కూడా లైట్‌బాయే. అందరూ అదే పని చేస్తుంటే అది సినిమా అనిపించదు, ఊరు అనిపిస్తుంది. ఆ ఫోను కూడా సబ్బుల కంపెనీవాళ్ళు "నురగ బాగుందా" అని అడిగే బాపతే అనుకున్నాను. ఆవిడ ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో పోపు పెడుతూ "మూడు... రెండు... ఇది బాగుందమ్మా, నాలుగు" అంటుంటే నాకు నవ్వొచ్చేది.

ఈ మధ్యలో సుందరి అన్నగారి కొడుకు మౌళి వెంగళరావు నగర్‌లో రూము తీసుకుని, రికార్డింగు థియేటర్లలో కీబోర్డు వాయిస్తూ వుండేవాడు. ఆదివారం భోజనం మా ఇంట్లోనే. ఈ ఏడు వాడికి మొదటిసారి ఒక సినిమాకు సంగీతం కట్టే అవకాశం వచ్చింది. చిన్న సినిమా. పాట విడుదలైంది, ఏదో మాత్రం చెప్పడు.

"చెప్పను అత్తా. రేడియోలో నా పేరు చెప్పి వేస్తారు చూడు, అప్పుడు విను. చిన్నప్పుడు నీ పేరు రేడియోలో చెప్తే మన వీధంతా విన్నదట కదా. నాకూ అలాగే కావాలి."

అప్పటినుంచి మా వంటింట్లో రేడియో పొద్దున మొదలై రాత్రి దాకా మోగుతూనే వుంది. ఉప్మా మాడినా స్టేషను మార్చనివ్వలేదు. వారాలు గడిచాయి. మౌళి పేరు రాలేదు.

ఒక ఆదివారం వాడు పప్పు కలుపుకుంటూ తల దించుకుని వున్నాడు. మా కింది ఫ్లాటు సత్యనారాయణ గారు, రిటైరయిన హెడ్మాస్టరు, పేపరు కోసం పైకొచ్చి అక్కడే కూర్చున్నారు.

"ఆ రేడియోలో ముచ్చట్లు చెప్పే పిల్లకి ఫోన్ జేసి అడగరాదు?" అన్నారాయన. "మేమందరం జేస్తం. పది మందిమి జేస్తే ఎందుకెయ్యరు?"

మౌళి నవ్వాడు. "ఆ అమ్మాయి చేతిలో ఏమీ లేదు సార్. ఏ పాట తర్వాత ఏ పాట అన్నది కంప్యూటరు వరస వేసి ఇస్తుంది, ఆమె మధ్యలో మాట్లాడుతుంది. ఫలానావారు కోరిన పాట అంటుందే, అది కూడా ముందే వరసలో వున్న పాటే. అది అడిగినవాళ్ళ ఫోను వెతికి వినిపిస్తారు."

ఇన్నేళ్ళుగా మా షాపులోంచి నేను అడిగిన పాటలు, నా పేరుతో సహా వేశారే! నేను అడిగినందుకు వేశారనుకున్నాను. వాళ్ళు వేయబోయేదాన్ని నేను అడిగానన్నమాట.

"మరి ఆ కంప్యూటరుకి ఎవరు చెప్తారురా?" అన్నాను.

"జనమే. కాకపోతే అందరూ కాదు. ఊళ్ళో ఓ వందమందిని ఎంచుకుని, ఫోను చేసి, పాటలో ఎనిమిది సెకన్ల ముక్క వినిపించి మార్కులు అడుగుతారు. బాగా వస్తే గంట గంటకీ వేస్తారు. రాకపోతే ఇంకోసారి పరీక్ష పెట్టి పక్కన పడేస్తారు. నాది మొదటిసారి పోయింది మావయ్యా. ఆ వందమంది ఎవరో, ఏ మూడ్‌లో వుండి విన్నారో."

సుందరి సాంబారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. "ఏదీ, నీ పాట వినిపించు" అంది.

"రేడియోలో..."

"వినిపించరా!"

వాడు సెల్‌ఫోనులో పెట్టాడు. డప్పులు లేచాయి, వాటి వెనకాల ఎక్కడో ఒక గొంతు. మా ఆవిడ గిన్నె బల్లమీద పెట్టి కుర్చీలో కూర్చుంది.

"మౌళీ, ఆ వందమందిలో నేనొకదాన్నిరా. దీనికి ఒకటి వేశాను."

వంటింట్లో రేడియో ఎవరిదో పాట పాడుతోంది. మౌళి నోట్లో ముద్ద నోట్లోనే వుంది. నేనైతే, కట్టిన సెట్టు నడినెత్తిన కూలినా అంత అదిరిపోయి వుండను. పొయ్యి దగ్గర నిలబడి మా ఆవిడ చెప్పిన మూడులూ నాలుగులూ ఈ ఊళ్ళో ఆటోల్లో, బస్సుల్లో, మంగలి షాపుల్లో మోగుతున్నాయా? ఆ ఒకటి మా పిల్లాడి పాట మీద పడిందా?

మొదట తేరుకున్నది సత్యనారాయణ గారే. "ఏందక్కా, గట్ల జేసినవ్! పరాయి పోరగాళ్ళకు నాలుగిస్తివి, మనోనికి ఒక్కటా?"

"పేర్లు చెప్పరండీ. ఎవరిదో నాకేం తెలుసు?"

"ఎందుకు ఒకటి వేశావత్తా?" అని అడిగాడు మౌళి.

"ఏమోరా. విసుగేసింది. కుక్కరు కూతేస్తోంది, అదీ ఇదీ ఒకలాగే వినపడ్డాయి."

వాడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. సాయంత్రానికి వాడి తల్లి శారదాదేవి తెనాలి నుంచి ఫోను. "సుందరీ, పగవాళ్ళు కూడా రెండు వేస్తారు. మేనత్తవి నువ్వు ఒకటి వేశావా?"

ఇంకో పరీక్ష మిగిలి వుంది. ఆ మాట మౌళే చెప్పాడు కదా. అది కూడా పోతే పాట పక్కకు పోతుంది, పాటతో పాటు, దాన్ని చూసి వాడికి ఇస్తామన్న తర్వాతి సినిమా కూడా. కాబట్టి నేను సుందరికి గట్టిగానే చెప్పాను. "ఈసారి ఐదు వెయ్యి. నీ చేతిలో పని. ఒక్క మాట. ఎవరు చూస్తారు?" ఆవిడ బట్టలు మడతపెడుతూ వింది. ఔననలేదు, కాదనలేదు. నలభై ఏళ్ళ కాపురంలో అలా వూరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. అందుకని నిశ్చింతగా పడుకున్నాను.

గురువారం రష్మి ఫోను వచ్చింది. సత్యనారాయణ గారు వేడుక చూడ్డానికి ముందే వచ్చి కూర్చున్నారు. ఫోను స్పీకరులో పెట్టించాను. పొయ్యి మీద ఏమీ పెట్టలేదు, కుక్కరు కూత అడ్డం రాకూడదని.

"నమస్తే అమ్మా. మీ ఇంట్లో గానీ దగ్గర బంధువుల్లో గానీ సినిమా, టీవీ, రేడియో పనుల్లో ఎవరైనా ఉన్నారా?"

వారం వారం నీళ్ళు తాగినట్టు జవాబు చెప్పే మనిషి ఆగింది. నేను చేత్తో సైగ చేశాను, కానివ్వమని.

"ఉన్నాడమ్మా. మా అన్నయ్య కొడుకు. మీరు వినిపించే పాటల్లో వాడిది కూడా ఒకటుంది."

సత్యనారాయణ గారి చేతిలో బిస్కెట్టు చాయ్‌లో జారి పడింది.

"అమ్మా... కొత్తగా చేరారా వారు?" రష్మి మెల్లగా అడిగింది.

"వాడు కొత్త కాదు. మావాళ్ళందరూ ఈ పనిలోనే వున్నారని నాకే బుర్రకెక్కలేదు. మా ఆయనది కూడా సెట్టింగుల చెక్క. అది కూడా రాసుకో."

"అయితే ఇకమీదట మీకు ఫోను చేయకూడదమ్మా. మీరు ఇదివరకు చెప్పిన మార్కులు కూడా తీసెయ్యాలి."

"తీసెయ్యి తల్లీ. ఆ ఒకటి కూడా తీసెయ్యి."

ఫోను పెట్టేసింది. "ఐదు వెయ్యమంటే వున్న పని కూడా పోగొట్టుకుంటావా?" అని అరిచాను.

"నేను పాడినప్పుడు గోడ అవతల మా చుట్టం వుండి నెగ్గించాడనుకోండి. ఇన్నేళ్ళు మీరు నలుగురిలో ఆ మాట చెప్పుకునేవారా?"

ఈ వ్యాసం మొదట్లో నేను గొప్పగా చెప్పుకున్నది అదే కదా.

సత్యనారాయణ గారు గ్లాసులో వేలు పెట్టి బిస్కెట్టు వెతుక్కుంటూ అన్నారు: "అక్కా, నువ్వు మా బళ్ళ ఉంటే నేను హెడ్మాస్టర్ అయ్యేటోన్ని కాదు. జర భయమైతుంది నిన్ను జూస్తే."

ఆవిడ ఒకటి తీసేసినంత మాత్రాన మిగతావాళ్ళవి పెరగలేదు. పాట రేడియోలో రాలేదు. మౌళి కూడా రాలేదు. ఆదివారం వాడి కంచం బోర్లించే వుండేది. సుందరి నాలుగు మాటలు తక్కువ మాట్లాడేది, రేడియో మాత్రం ఆపేది కాదు.

తర్వాత ఒక ఆదివారం తలుపు తోసుకుని వచ్చి, కంచం వాడే తిప్పుకుని కూర్చున్నాడు.

"ఎనిమిది సెకన్లలో సరిగ్గా ఎక్కడ విసుగేసింది?"

"మొదట్లోనేరా. ఎవరో పాడుతున్నారని తెలుస్తోంది, ఏం పాడుతున్నారో తెలియడంలేదు. పక్కింట్లో పెళ్ళిలాగా."

వాడు కొంచెంసేపు పప్పులో గీతలు గీశాడు. "ఇస్తామన్న సినిమా పోయింది. ఇంకో చిన్నదొచ్చింది. చెన్నైలో వయొలిన్లవాళ్ళతో రికార్డింగు, తర్వాత అక్కడే గొంతూ వాద్యాలూ కలిపే మిక్సింగు. నాతో రా అత్తా. ఏమీ చెప్పక్కర్లేదు. విసుగేసిన చోట చెయ్యెత్తు, చాలు."

"ఐదు వేస్తానని ఆశపెట్టుకోకు."

"వెయ్యవని తెలిసే పిలుస్తున్నా."

"సరే" అంది. నా వైపు చూడలేదు, నన్ను అడగలేదు. పెళ్ళయినప్పటినుంచి పుట్టింటికి తప్ప నేను లేకుండా ఊరు దాటని మనిషి, మర్నాడు అటకమీది సూట్‌కేసు నాచేతే దింపించి, నాచేతే దులిపించింది. రైలు కదిలేదాకా నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ సగం కుదరలేదు. నిన్న ఫోనులో అడిగాను, పాట ఎలా వుందని. "రెండుసార్లు చెయ్యెత్తాను. వయొలిన్లవాళ్ళు నన్ను చూసి దడుచుకుంటున్నారు" అంది. ఎన్ని మార్కులు వేస్తావన్నాను. ఇంకా పూర్తి కాలేదుగా అంది.

కుక్కరు పెట్టడం నేర్చుకున్నాను. సత్యనారాయణ గారు రుచి చూసి మూడు వేశారు. సుందరి నవంబరు పంతొమ్మిదో తేదీ ఉదయం రైలుకి వస్తోంది.