మేము మాన్పించిన జర్మన్ క్లాసు

మొన్న కాలేజీ నుంచి వచ్చిన మా మనవరాలు, తమకి ఈ ఏడాది జర్మన్ తప్పనిసరి చేశారనీ, అది తీసేయమని పిల్లలంతా అర్జీ పెడుతున్నారనీ చెప్పి, "నేనూ సంతకం పెట్టేశాను తాతయ్యా" అంది. నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టి, తనని కూర్చోబెట్టి మా క్లాసు సంగతి చెప్పాను.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, పాత పరిశోధన పత్రికలు చాలావరకు ఆ భాషలోనే ఉండేవి కనుక, మాకూ జర్మన్ నేర్చుకుని తీరాలనే నియమం ఉండేది. మా టీచరుగారిది పెనుగొండ దగ్గర పల్లె, పాస్టరుగారి అమ్మాయి. మిషన్ ఆసుపత్రిలో ఒక జర్మన్ డాక్టరమ్మ దగ్గర పెరిగి ఆ భాష నేర్చుకున్నారట. పెళ్ళి చేసుకోలేదు, ఏటేటా పొడిగించే తాత్కాలిక ఉద్యోగమే ఆధారం. మాకు పుస్తకాలు దొరకవని పాఠాలన్నీ చేత్తో రాసి తెచ్చి పంచేవారు. మేమేమో ఆవిడ ఉచ్చారణని వెక్కిరిస్తూ, వరి పండించే మనకి ఈ గొడవెందుకని నవ్వుకునేవాళ్ళం.

చివరికి అందరం అర్జీ పెట్టాం. దస్తూరీ బాగుంటుందని నాచేత రాయించారు. బలంగా ఉంటుందని, ఆవిడకి పాఠం చెప్పడం రాదని ఒక అబద్ధం నేనే చేర్చాను. జర్మన్ ఐచ్ఛికమైంది, మరుసటి ఏడు ఒక్కరూ తీసుకోలేదు, ఆవిడ ఉద్యోగం పోయింది. వెళ్ళేరోజు వరండాలో ఎదురుపడి, "అర్జీ చూశానండి. మీ దస్తూరీ నాకు తెలుసుగా. తెలుగు చాలా బాగా రాశారు" అన్నారు. అందులో వెటకారం లేదు. అందుకే నేను తలెత్తలేకపోయాను.

మండపేటలో లెక్చరరుగా స్థిరపడ్డాక, వెళ్ళి క్షమాపణ అడగాలని ఎన్నోసార్లు అనుకుని, ఎదురుపడే ధైర్యం లేక ఏళ్ళు గడిపేశాను. తీరా వాళ్ళ ఊరు వెళ్ళేసరికి ఆవిడ పోయి ఏడాదైంది. నేను ఆవిడ స్టూడెంటునని చెబితే, వాళ్ళ చెల్లెలు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"ఆఖరి నాలుగు రోజులూ అక్క ఆ భాషలోనే మాట్లాడిందండి. దాహమో, ప్రార్థనో మాకెవరికీ బోధపడలేదు. మీలాంటోళ్ళు ఒక్కరు పక్కనున్నా తెలిసేదండి."

నేను ఉన్నా తెలిసేది కాదని ఆమెతో చెప్పలేకపోయాను. ఆ అర్జీ రాసింది నేనేననీ చెప్పలేదు.

ఇదంతా విని మనవరాలు, ఇప్పుడు ఫోనే ఏ మాటనైనా తెలుగు చేసి వినిపిస్తుందని నెమ్మదిగా అంది. నిజమే, ఈ పిల్లలకి భాష రాకపోయినా పనులు ఆగవు. మన కాలంలో అలాంటి వసతి లేదు. చేత్తో రాసి నేర్పేవాళ్ళుండేవారు. వాళ్ళని మనమే పంపించేశాం.