బాపు పుస్తకం అంకితం తీసుకోవడానికి వెళ్లి

రెండో లాక్‌డౌన్ ఎత్తేశాక, రిజర్వేషన్ ఉంటేనే రైలెక్కనిచ్చే రోజుల్లో, సాయంత్రం వరంగల్‌లో సూరత్ రైలెక్కాను. అక్కడ మిల్లులో మగ్గం నడిపే మా నాన్న, మా బాపు, కవితల పుస్తకం వేశాడు. అది నాకే అంకితమట, స్టేజీ ఎక్కి తీసుకోవాలట. ఆ కవితలు అచ్చు కాకముందే ఫోన్లలో తిరిగి, సిరిసిల్ల దాకా మగ్గాల వాళ్లందరికీ తెలుసు. నేనే చదవలేదు. ఇంట్లో మనిషి రాసినవే కదా, ఎప్పుడైనా చదవొచ్చులే అనుకున్నాను.

మీరు వెళ్తే రొట్టెలు కట్టుకెళ్లండి. నేను మాస్కు తీయడానికి జంకుతుంటే ఎదురు బెర్తు పెద్దమ్మ నవ్వింది. "జర కిందికి గుంజి తిను బిడ్డా. రొట్టె చెవులకెల్లి పోదు."

మర్నాడు రైలు ఆలస్యంగా చేరింది. స్టేషన్ బయట, సభ జరిగే భేస్తాన్‌కి షేర్ ఆటోలుంటాయి, ముందే బేరమాడండి. హాలుకి చేరేసరికి సభ మొదలైపోయింది. వెనక వరుసలో కూర్చున్నాను.

ఒకాయన మైకులో బాపు కవిత చదువుతున్నాడు. మొదటి లాక్‌డౌన్‌లో కిచిడీ పంచే లైన్లో గిన్నె పట్టుకుని ఒక పిల్ల నిలబడింది. తోటి పిల్లలు చూస్తారని చున్నీతో మొహం కప్పుకుంది. ఇంటికి తెచ్చి తండ్రికి పెట్టి, తను అక్కడే తినేశానంది.

ఆ పిల్లను నేనే, అప్పుడు బాపుతో సూరత్‌లోనే ఉన్నాను. మాస్కు కళ్లదాకా లాక్కున్నాను.

పక్కావిడ కళ్లు తుడుచుకుంది. "గా పిల్ల ఇయ్యాల వస్తదట. నీకెరికేనా?"

"నాకేం ఎరుక?" అన్నాను.

అప్పుడే బాపు మైకులో నన్ను పిలిచాడు, "సుజాతా, రా బిడ్డా." నేను లేవలేదు. హాలంతా చూసి, "మా బిడ్డ రైలు ఇంక రానట్టుంది," అన్నాడు.

"పాపం," అంది పక్కావిడ.

జనం పోయాక బాపు దగ్గరికి వెళ్లాను. ఏమీ అడగకుండా డుమస్ బీచికి తీసుకెళ్లి టమాటా బజ్జీలు ఇప్పించాడు.

"ఎనక కూసున్నవ్. చూసిన," అన్నాడు బజ్జీ విరుస్తూ. "నిన్ను అడగకుంట రాసిన, తప్పు నాదే. మల్ల అచ్చేసినప్పుడు గా కవిత తీసేస్త."

"అందరికి గదే నచ్చింది గద బాపూ."

"అందరు నా బిడ్డలా ఏంది?"

నేను తల వంచుకుని బజ్జీ తిన్నాను.

తిరుగు ప్రయాణం ఒక్కదాన్నే, బాపుకి షిఫ్టు ఉంది. సూరత్‌లో ఏం చూశావని అమ్మ అడిగితే ఏం చెప్పాలి? నాకు కప్పాల్సిన శాలువాను బాపు ఖాళీ కుర్చీ మీద మడతపెట్టడం చూశాను. నందుర్‌బార్ దాటాక బాపు ఇచ్చిన పుస్తకం తెరిచాను. అంకితం పేజీలో నా పేరు కూడా లేదు. 'గిన్నె తెచ్చిన నా బిడ్డకు' అని మాత్రం ఉంది.

ఫోన్ చేశాను. "బాపూ, గా కవిత తియ్యకు. అంకితంల నా పేరు గూడ పెట్టు."

అవతల మగ్గాల మోత. "ఏందీ? వినవడ్తలేదు, గట్టిగ చెప్పు!"

బోగీ నిండా జనం, అందులో సిరిసిల్ల వెళ్లే కుటుంబం ఒకటి. మాస్కు కిందికి లాగాను.

"కిచిడీ లైన్ల మొకం కప్పుకున్న పిల్లను నేనే! నా పేరు పెట్టు!"

అందరూ నన్నే చూస్తున్నారు. అవతల మోత తగ్గింది, బాపు బయటికొచ్చినట్టున్నాడు.

"ఇంకోపారి చెప్పు," అన్నాడు. ఈసారి వినపడక కాదు.

మళ్లీ చెప్పాను.