రోవెనా తెచ్చిన కొలతలు

హోబార్ట్ నగరపు రేవు పక్కనున్న ఆ చిన్న కంపెనీలో ఫెర్రీ పడవల టికెట్ల సాఫ్ట్‌వేర్ రోవెనా చేతుల మీదుగానే పెరిగింది. ప్రోగ్రామును క్లాసులనే విడి భాగాలుగా రాస్తారు. ఏ క్లాసు పని అది చూసుకోవాలి. ‘బుకింగ్’ అనే క్లాసు మాత్రం ఏళ్ల తరబడి ఉబ్బిపోయి, అన్నిటి పనుల్లోనూ వేలు పెట్టేది. దాన్ని ముట్టుకుంటే ఇంకెక్కడో ఏదో కూలేది.

బాగుచేయడానికి వ్యవధి ఇమ్మని అడిగీ అడిగీ విసిగి, చివరికి రోవెనా కొలతలు తెచ్చింది. ఏ క్లాసు ఎన్నింటి మీద ఆధారపడుతోందో, ఎంత చిక్కుపడి ఉందో లెక్కగట్టి అందరి ముందూ తెర మీద పెట్టింది. బుకింగ్ ఎర్రగా వెలిగింది.

మేనేజరు ఫెర్గస్ కళ్లు మెరిశాయి. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు దీన్ని? నెలాఖరుకల్లా అన్నీ పచ్చగా ఉండాలి. ఎవరి క్లాసు ఎర్రగా ఉంటే వాళ్లే నాకు జవాబు చెప్పుకోవాలి."

"ఎక్కడ చూడాలో చెప్పడానికే ఇది, ఫెర్గస్. మనుషులకు మార్కులెయ్యడానికి కాదు."

"తెచ్చిందీ నువ్వే, వద్దంటున్నదీ నువ్వేనా?"

అందరూ నవ్వారు. బుకింగ్ బాధ్యత తన మీదున్న పక్క సీటు టావిస్ దాన్ని ముక్కలు ముక్కలుగా కోసేశాడు. విడిగా కొలిస్తే ఒక్కో ముక్కా చిన్నదే, లెక్కా తక్కువే. కానీ ఒకటి కదలాలంటే మిగతావన్నీ కదలాలి.

"దరిద్రంగా ఉందని నాకూ తెలుసు. నా మెడ మీద కత్తి ఉందిగా," అన్నాడు తలెత్తకుండా.

తెరంతా పచ్చబడింది. ఫెర్గస్ అందరికీ ఆల్చిప్పల మాంసం కూరిన స్కాలప్ పైలు తెప్పించి విందు చేశాడు.

ఆ చలికాలం ఒకరోజు తుఫాను రానుందని, ఆ రోజు దగ్గర్లోని ద్వీపానికి తిరిగే పడవలను ముందురోజే రద్దు చేశారు. ఆ కబురు ప్రయాణికుల ఫోన్లకు వెళ్లనేలేదు. మర్నాడు ఆఫీసులో ఫోన్లు మోగిపోతుంటే రోవెనా కూడా ఒకటి ఎత్తింది. అవతల క్లెమ్ అనే ముసలాయన.

"వానలో ఇక్కడ ద్వీపం రేవు దగ్గర నిలబడున్నానమ్మాయ్. ఇవాళ హోబార్ట్ ఆసుపత్రిలో నాకు డయాలసిస్. ఒక్క మాట చెప్పుంటే నిన్ననే వచ్చేసేవాణ్ణిగా?"

ఆ గొంతులో కోపం లేదు. దాన్నే ఆమె తట్టుకోలేకపోయింది. గాలి తగ్గాక హెలికాప్టరు వచ్చి ఆయన్ను తీసుకెళ్లింది. ప్రాణం దక్కింది.

ఆ కబురు పంపాల్సింది ఏ ముక్కో, కోసిన టావిస్‌కే అంతుపట్టలేదు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తెగింది. అన్నీ ఆపి బుకింగ్‌ను మళ్లీ రాద్దామంది రోవెనా.

ఫెర్గస్ మొహం తుడుచుకున్నాడు. "డైరెక్టర్లకు కొలతలు పంపేశాను. పచ్చగా ఉన్నదాన్ని బాగుచేస్తామని ఏ మొహం పెట్టుకుని అడగను?"

అప్పటినుంచి పడవ రద్దయినప్పుడల్లా, కబురు వెళ్తుందన్న నమ్మకం లేక ఆమే క్లెమ్‌కు ఫోను చేస్తోంది. "రేపు పడవ లేదు, ఇవాళే బయల్దేరండి."

"మా పక్కింటి ఎడ్నా కూడా రేపటికే టికెట్ కొంది. ఆవిడకూ చెప్తావా?" అన్నాడాయన ఒకసారి.

ఆ ద్వీపంలో ఉన్నవాళ్లంతా రోవెనా కళ్ల ముందు మెదిలారు. 

"ఆవిడకు మీరు చెప్పండి, క్లెమ్," అంది.