అమ్మమ్మ జాన, మనవరాలి జాన

ఆసుపత్రి బట్టలు ఉతకడంలో ముప్పై ఒక్క ఏళ్లు గడిపిన మనిషి అమ్మమ్మ. ఒక్కరోజు నాగా పెట్టి ఎరగదు. మిషన్ పాడైన వారం మూడు వార్డుల దుప్పట్లు చేత్తో పిండి ఆరేస్తే, పెద్ద డాక్టరే వచ్చి చూసి వెళ్లాడు. చదివింది పల్లెబడిలో అయిదో తరగతే అయినా, ఇరవయ్యో ఎక్కం దాకా తడబడకుండా ఒప్పజెప్తుంది. అంత చాకిరీ చేసిన ఒళ్లే ఇప్పుడు మేడ మీదికి అరబకెట్ నీళ్లు మోయడానికి మూడుచోట్ల ఆగుతోంది.

ఆ నీళ్లు మనవరాలి చిక్కుడు తీగకి. ఇంట్లో ఒక మొక్క పెంచి, వారంవారం ఎత్తు రాసుకు రమ్మంది నాలుగో తరగతి టీచరు. లెక్కల్లో వెనకబడ్డ పిల్లకి ఇదే ఆఖరి అవకాశం. ఆ కొలతల పుస్తకం సరిగ్గా లేకపోతే లెక్కల పీరియడ్‌కి మూడో తరగతిలో కూర్చోవాలి.

"జాన ఉండగా స్కేలెందుకే?" అని అమ్మమ్మే కొలిచేది. కిందటివారం మోకాళ్లు మొరాయిస్తే పిల్ల కొలిచి, అయిదు జానలని రాసుకుంది. ఈ వారం అమ్మమ్మ కొలిస్తే నాలుగే వచ్చాయి. టీచరు ఎర్రసిరాతో కొట్టేసి, 'తీగ కురచయిందా? కట్టుకథ' అని రాసింది.

"నువ్వే తప్పు కొలిచావ్ అమ్మమ్మా! ఇక నేను చంటిపిల్లల పక్కన కూర్చోవాలి!"

"నేనా? ఎన్ని వేల దుప్పట్లు కొలిచి మడతపెట్టిన చెయ్యో ఇది!" అందిగానీ, ఆ పూట తన చేతిని, పిల్ల చేతిని మార్చి మార్చి చూసింది.

మర్నాడు బడిలో రెండంతస్తులెక్కి, ఆయాసం తీరకుండానే టీచరు బల్ల మీద అరచెయ్యి చాపింది. దాని మీద మనవరాలి చెయ్యి పెట్టించింది.

"తీగ తగ్గలేదమ్మా. చెయ్యి మారింది, అంతే."

టీచరు స్కేలు పెట్టి చూసింది. పెద్ద జాన పద్దెనిమిది సెంటీమీటర్లు, చిన్న జాన పన్నెండు.

"అయితే నువ్వే గుణించు," అంది పిల్లతో.

పిల్ల అమ్మమ్మ వంక చూసింది. అమ్మమ్మ నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకుంది. దుప్పట్లు పిండడం ఇంతకన్నా సులువు. బోర్డు మీద పిల్ల సుద్దముక్క ఆగి, కదిలి, మళ్లీ ఆగింది. అరవై. డెబ్బైరెండు.

"పన్నెండు సెంటీమీటర్లు పెరిగింది టీచర్!"

"వెళ్లి నీ చోట్లో కూర్చో," అంది టీచరు, ఎర్రగీత పక్కన 'ఒప్పు' అని రాస్తూ. "పెద్దమ్మా, సోమవారం వచ్చి అందరికీ ఈ కొలత చూపిస్తారా?"

"చూపిస్తానమ్మా. ముందు నన్నూ కాసేపు కూర్చోనియ్యి," అని అమ్మమ్మ మనవరాలి పక్కనే బెంచీ మీద కూలబడింది.