లప్పం కింద ఇటలీ

తన గొయ్యి తానే తవ్వుకున్నవాణ్ణి మీరు చూసే ఉంటారు. తవ్వుకున్న గోతికి ఆటోనగర్‌లో ఎర్ర రంగు వేయించి, బంగారు గీతలు కొట్టించి, రిబ్బను కట్టి, పుట్టినరోజు కానుకగా మోసుకెళ్లినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడాలనిపిస్తే గుణదల రండి. మా బాల్కనీలో సైకిలూ ఉంటుంది, దాని పక్కన నేనూ ఉంటాను.

ముందు మా మావయ్యగారి గురించి చెప్పాలి. ఆయన ఉయ్యూరు దగ్గర చెరుకూ వరీ పండించి, పెద్దతనంలో పటమటలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డ మనిషి. నేను గుణదల మాత కొండ నీడలో పుట్టి పెరిగి, కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే క్రైస్తవుణ్ణి. ఆయన కూతురు సుజాత నన్ను ప్రేమించి పెళ్లి చేసుకుంది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు, గుమ్మం తొక్కొద్దని అనలేదు. నేను లేనని నిర్ణయించుకున్నారు, అంతే.

అది ఎలా ఉంటుందో మీకు తెలియదు, తెలియకూడదని కోరుకుంటాను. పండక్కి వెళ్తే ఆయన పక్కనే నాకు విస్తరి వేసేవారు. మోచేతులు తగిలేంత దగ్గర.

"సుజాతా, మీ ఆయనకి ఇంకో గారె కావాలేమో అడుగు," అనేవారాయన.

"వద్దండీ, చాలు," అనేవాణ్ణి నేను, ఆయన చెవిలోనే అన్నంత దగ్గరగా.

ఆయన అలాగే ఎదురుచూసేవారు. వంటింట్లోంచి సుజాత వచ్చి, "చాలంట నాన్నా," అంటే గానీ ఆ కబురు ఆయనకు అందేది కాదు. ఇలా ఆరేళ్లు గడిచాయి. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఇంటికి వెళ్లే దారిలో ఒక్కోసారి స్కూటరు పక్కకి ఆపి కళ్లు తుడుచుకునేవాణ్ణి. సుజాత నా భుజం మీద చెయ్యి వేసేది.

నాతో పెదవి విప్పని ఆ మనిషి ఒక్క విషయం ఎత్తితే మాత్రం ఆగేవారు కాదు. కుర్రతనంలో ఉయ్యూరు నుంచి బందరు దాకా జరిగిన సైకిలు పందెం అది. పాలక్యాన్లు మోసే బండసైకిలుకి క్యారియరు పీకేసి ఈయన పందానికి దిగారట. చివరిదాకా ముందున్నారట. అప్పుడు వెనకనుంచి మద్రాసు కుర్రాడొకడు పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు మీద వంగి దాటిపోయాడట.

"గాలి పోయినట్టు పోయాడే అమ్మాయ్," అని సుజాతకు చెప్పేవారు, నాకు వినబడేలాగే. "పందెం అయ్యాక దగ్గరికెళ్లి చూశాను. ఇటలీదంట. సీటు కింద గొట్టం మీద పేరు చెక్కుంది. అతికించింది కాదు, ఇనుములో చెక్కింది. ఏలు పెడితే తగిలేది. అలాంటిది ఒక్కటి కొనుక్కోవాలనుకున్నాను. చెల్లెళ్ల పెళ్లిళ్లొచ్చాయి, అక్కడితో సరి."

నాకు దారి దొరికింది. ఆయనకు ఆ ఇటలీ సైకిలు తెచ్చిపెడితే నాతో ఒక్క మాటైనా మాట్లాడక తప్పదు కదా. "బాగుంది" అంటే చాలు. "బాగోలేదు" అన్నా సరే, సుజాత మీదుగా కాకుండా తిన్నగా నా మొహం మీద అంటే చాలు.

అప్పటినుంచి నాకు పిచ్చి పట్టింది. ఫోనులో పాత సైకిళ్ల అభిమానుల గ్రూపుల్లో చేరాను. గొట్టాలు అతికే చోట ఎలా ఉండాలో, చెక్కిన అక్షరాలు ఎక్కడుండాలో, అన్నీ కంఠతా పట్టాను. పెడళ్లు తిరిగే ఇరుసుకు లోకమంతా ఒక పక్క మర తిరగేసి కోస్తే, పాతకాలపు ఇటలీవాళ్లు మాత్రం రెండు పక్కలా ఒకే వైపు కోసేవారని కూడా నేర్చుకున్నాను. క్లాసులో రాపిడి బలం గురించి చెబుతూ ఇది చెబితే పిల్లలు పరీక్షలో వస్తుందేమోనని రాసుకున్నారు, పాపం.

చివరికి వన్ టౌన్‌లో దొరికింది. స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టాయన ఒకరి పెదనాన్న ఓడల్లో పనిచేసి, వస్తూ వస్తూ తెచ్చుకున్న సైకిలట. గోడౌన్లో బిందెల వెనక నిలబెట్టి ఉంది. లేత నీలం రంగు, అక్కడక్కడా పెచ్చులూడి కింద తుప్పు. నేను మోకాళ్ల మీద కూలబడి టార్చి వేశాను. సీటు కింద వేలు పెట్టాను. తగిలింది. ఇనుములో చెక్కిన పేరు.

స్పానరు తీసి ఇరుసు మర విప్పబోతే కొట్టాయన కంగారుపడ్డాడు.

"మీరు సైకిలు కొంటారా సార్, పోస్టుమార్టం చేస్తారా?"

"రెండూ అండీ," అన్నాను. మర ఇటలీవైపే తిరిగింది. గోడౌన్లో ఎవరూ లేకపోతే ఆ బిందెల్ని కౌగలించుకునేవాణ్ణి.

ఇంటికి తెచ్చి ఫొటోలు గ్రూపులో పెట్టాను. అందరూ అసలుదేనన్నారు. పుణె నుంచి ఒకాయన మాత్రం, "రంగు ముట్టుకోవద్దు. పెచ్చులూడినా సరే, అదే దాని ప్రాణం," అని రాశాడు. ఓర్వలేనివాడు అనుకున్నాను. గొప్ప వస్తువు చేతికొస్తే ఇలాంటివాళ్లు బయల్దేరతారని నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

ఇక్కడే పప్పులో కాలేశాను. పప్పులో కాదు, సాంబారు గంగాళంలో.

మన దగ్గర పెద్దవాళ్లకు వాడేసిన వస్తువు ఇవ్వం. పంచె ఇచ్చినా మడత విప్పనిది ఇస్తాం. అందులోనూ అది ఆయన డెబ్బై ఐదో పుట్టినరోజు, బంధువులంతా వస్తారు. సుజాత సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచింది.

"ఇదిట్టా పట్టుకెళ్తే మా మేనత్త ఏమంటదో తెలుసా? గుణదల అల్లుడు పాత ఇనుం తూకానికి తెచ్చాడంటది."

ఆ "గుణదల అల్లుడు" అన్న మాట నా గుండెలో ముల్లులా దిగింది. సుజాత తప్పేం లేదు, వాళ్ల వాళ్ల సంగతి తనకి తెలుసు. ఆ సాయంత్రమే సైకిలు ఆటోలో వేసుకుని ఆటోనగర్ వెళ్లాను. బస్సులకు రంగులు వేసే పెయింటరు దాన్ని చూసి జాలిపడ్డాడు.

"కొత్తదాన్ని చేసిస్తా సార్. మావగారు మొహం చూసుకోవచ్చు ఇందులో."

"స్టాండు కూడా పెట్టండి. క్యారియరు కూడా. పెద్దాయన కదా, కూరగాయలకి వెళ్తారు."

"దీనికి నట్లు పట్టే చోటు లేదండీ."

"బెజ్జాలు కొట్టండి," అన్నాను. చదువుకున్నవాణ్ణి, ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, బెజ్జాలు కొట్టండి అన్నాను.

వారం తర్వాత వెళ్తే సైకిలు తళతళలాడుతోంది. ఎర్రటి ఎరుపు, బంగారు గీతలు, ముందు మడ్‌గార్డు మీద తెల్ల అక్షరాలతో "మావయ్యగారికి ప్రేమతో". మురిసిపోయాను. సీటు కింద వేలు పెట్టి చూడాలని కూడా తోచలేదు.

"గొట్టాల మీద అక్కడక్కడా గీతలు పడున్నాయి సార్," అన్నాడు పెయింటరు. "లప్పం పెట్టి నున్నగా చేసేశా. మీరు అడక్కపోయినా చేశా."

"చాలా థాంక్సండీ," అన్నాను నేను. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, పుట్టినరోజుకి ఆ సైకిల్ని పట్టుకెళ్లాను. హాల్లో బంధువులందరి మధ్యా నిలబెట్టాను. మావయ్యగారు కుర్చీలోంచి లేచారు.

"సుజాతా, ఏంటంట ఇది?"

"ఇటలీ సైకిలు నాన్నా. మీరు చెప్తారే, పందెంలో చూశానని. అదే."

ఆయన మొహం వెలిగింది. నిజంగా వెలిగింది, నేను చూశాను. ఆరేళ్లలో ఆయన మొహంలో నావల్ల వచ్చిన మొదటి వెలుగు అది. కళ్లజోడు పెట్టుకుని, వంగి, సీటు కింద వేలు పెట్టారు. వేలు నున్నగా జారిపోయింది. మళ్లీ పెట్టారు. మళ్లీ జారింది. ఆయన నడుం నిటారు చేసుకున్నారు.

"మీ ఆయన్ని ఎవడో మోసం చేశాడే అమ్మాయ్. ఇది ఇటలీది కాదు. పేరు లేదు."

"మన సైకిళ్లు తయారయ్యే లూథియానా కూడా ఇటలీలోనే ఉందేమో బావగారూ," అన్నాడు మా బావమరిది. హాలంతా నవ్వింది. అందరికంటే ముందు మేనత్తగారు నవ్వారు.

లప్పం సంగతి అప్పుడు తట్టింది నాకు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, సైకిలు ముందు కూర్చుని, సీటు కింద గీకడం మొదలుపెట్టాను. ఎర్ర రంగు రాలింది. తెల్లటి లప్పం రాలింది. ఒక అక్షరం బయటపడింది.

నవ్వులు ఆగాయి. మావయ్యగారు నా పక్కన కూర్చున్నారు. నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని, పుండు మీద పెచ్చు తీస్తున్నంత మెల్లగా ఆయనే గీకారు. పేరంతా కనబడింది. దాని మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉంచారు. తర్వాత కిందికి చూశారు. స్టాండు కోసం కొట్టించిన బెజ్జాలు కనబడ్డాయి. వాటినీ తడిమారు.

"అసలు రంగేంటి దీంది?"

"లేత నీలం అండీ. అక్కడక్కడా పోయింది."

"పోతే?"

"పెద్దవారికి పాతది ఇవ్వకూడదని..."

"నన్నో మాట అడగాల్సిందయ్యా," అన్నారాయన. గొంతులో కోపం లేదు. ఏడుపులాంటిది ఉంది.

ఆయన నాతోనే మాట్లాడుతున్నారని అప్పుడు గ్రహించాను. సుజాత గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను దేనికోసం ఇంత చేశానో అది జరుగుతోంది. బుద్ధున్నవాడైతే ఏం చేస్తాడు? తప్పయిందండీ అంటాడు. తల వంచుతాడు. మిగతాది ఆ పెద్దాయనే చూసుకునేవారు. కానీ ఆరేళ్లుగా మింగిందంతా నా గొంతులోకి వచ్చి కూర్చుంది.

"ఎలా అడుగుతానండీ? మీరు నాతో మాట్లాడరు కదా," అన్నాను.

అన్నది అబద్ధం కాదు. అందుకే దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరలేదు. మావయ్యగారు మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచారు. తాళంచెవిని నాకు ఇవ్వలేదు. నడిచి వెళ్లి కూతురి చేతిలో పెట్టారు.

"సుజాతా, మీ ఆయన్ని భోంచేసి వెళ్లమను. వెళ్తా వెళ్తా సైకిలు కూడా తీసుకెళ్లమను."

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. నాకు పూయించుకున్నంత దక్కింది. రంగు గీకించి మళ్లీ నీలం వేయించవచ్చా అని పుణె ఆయన్ని అడిగాను. "ఏ రంగైనా వేయించండి, ఇక తేడా లేదు," అని రాశాడు. పాపం, మంచివాడే.

కాబట్టి పాఠకులారా, గుణదల మాత కొండ వైపు తిరిగి, చెప్పులు విడిచి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పాతదేదీ కొత్తదిగా కనబడాలని రంగు వేయించను. తలకు వేసుకునేదీ మానేశాను. ఇక రెండోది. ఎన్నేళ్లకైనా సరే, ఎవరైనా మౌనం వదిలి నన్ను ఒక్క మాట అడిగితే, నిజం చెప్పను. తప్పయిందండీ అంటాను. ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకునే ప్రతి పండక్కీ పటమట వెళ్తున్నాను. ఇంతవరకూ ఆయన అడగలేదు.