ఇరవై నాలుగు రొట్టెలు

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం. నాకు పదకొండేళ్లు. మా ఊళ్లో సర్కారు తుపాకులవాళ్లు దిగాక ఆడపిల్లను ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదని, అవ్వ నన్ను జడ్చర్లలో మేనమామ దగ్గర వదిలిపెట్టడానికి బయల్దేరింది. ఇరవై రెండు కోసులు, నలభై మైళ్ల పైమాటే. బస్సెక్కితే ఒక్క పూట. ఆ కిరాయితో నెలకు సరిపడా ఉప్పూ నూనే వస్తాయని అవ్వ నడకకే మొగ్గింది.

దూరం నడవడం ఆమెకు బాగా తెలుసు. ముందురోజే నా అరికాళ్లకు ఆముదం పట్టించింది. చీకటుండగానే లేవాలి, ఎండెక్కేలోగా నాలుగు కోసులు దాటాలి, మధ్యాహ్నం నీడన పడుకుని పొద్దు వాలాక మిగతా దారి పట్టాలి. నీళ్లు సొరకాయ బుర్రలో, తల మీద తడిగుడ్డ. దారిలో ఏదీ కొనకూడదని, కరకరలాడేలా కాల్చిన జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు మూట కట్టింది. మనిషికి పూటకొకటి, రోజుకు రెండు పూటలు, మూడు రోజులు. ఇద్దరికి పన్నెండు. ఆమె ఒక్కతే తిరిగి రావడానికి ఆరు. మొత్తం పద్దెనిమిది చాలు.

మూటలో ఇరవై నాలుగున్నాయి. అవ్వ చిన్నకొడుకు, మా చిన్నాయన, సర్కారు మీద పోరాడే సంఘంలో కలిసి ఇల్లు వదిలాడు. ఆ ఆరూ ఆయనకనీ, దారిలో ఒక గొర్లదొడ్డిలో ఆకలితో కాచుకుని ఉన్నాడనీ నాకప్పుడు తెలియదు.

రెండు కోసులు దాటామో లేదో, దారిన పోయేవాళ్లను సోదా చేసే నాకా దగ్గర ఆపారు. తుపాకులతో నలుగురు. అందులో ఒకడు మా ప్రాంతం మనిషే, మా మాటే మాట్లాడాడు. మూట విప్పించి, రొట్టెలు ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు.

“ఏం ముసలీ, గిన్ని రొట్టెలేంది? గోడ కడ్తవా?”

“పోను మూడొద్దులు, రాను మూడొద్దులు దొరా. ఇద్దరం. పూటకొకటి.”

అతను వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. సరిపోయింది. కట్టుకొమ్మన్నాడు. అవ్వ ముడి వేస్తుండగా నా వైపు చూసి నవ్వాడు.

“జడ్చర్లల ఏం జేస్తవే పోరీ?”

“మామ ఇంట్లనే ఉంట. మల్ల రాను. అవ్వొక్కతే వస్తది,” అన్నాను. అంతటితో ఊరుకోలేదు. “పద్దెనిమిదే చాలు, అవ్వ లెక్క తప్పింది.”

అతని నవ్వు ఆగిపోయింది.

“మరి గా ఆరు ఎవనికే ముసలీ?”

“నడిస్తే ఆకలైతది గద దొరా. ఇంకోటి తింటం.”

“గట్లనా? అయితే గిప్పుడే తిను. ఆరూ.”

అవ్వ ఎండలో కూర్చుని తిన్నది. పళ్లు సగమే ఉన్నాయి. నీళ్లలో తడుపుకుంటూ మింగింది. సాయం చేద్దామని నేను చెయ్యి చాపితే నెట్టేసింది. నాలుగో రొట్టెకు కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆరూ అయ్యేదాకా అతను ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.

“ఇగ పోండ్రి,” అన్నాడతను.

కొంత దూరం నడిచి వెనక్కి చూశాను. ఆ నలుగురిలో ఇద్దరు మా వెంట వస్తున్నారు, తొందరేమీ లేనట్టు.

“ఎనకకు సూడకు బిడ్డా,” అంది అవ్వ.

ఎండ ముదిరింది. దారి పక్కన గొర్లదొడ్డి, దాని మీద వేపచెట్టు నీడ కనిపించాయి.

“గీడ పండుకుందామా అవ్వా?”

ఆమె తల కూడా తిప్పలేదు. దొడ్డి లోపల ఎవరో సన్నగా దగ్గారు. అవ్వ వెంటనే గట్టిగా దగ్గుతూ, నా రెక్క పట్టుకుని వడిగా లాక్కుపోయింది.

మా వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది.