అయిదున్నర గంటల తేడా

2002 జూన్‌లో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక స్ప్రింగుల ఫ్యాక్టరీకి సిస్టమ్స్ ఆఫీసర్‌గా వేశారు. పేరుకు ఆఫీసర్నే గానీ, నా కింద ఉన్నవి ఏడు కంప్యూటర్లు, ఒక స్క్రూడ్రైవరు.

టెస్టింగ్ ల్యాబ్‌లోని కంప్యూటరుతో రెండు కాపురాలు పెట్టించింది నేనే. ఒకే పెట్టెలో రెండు ఆపరేటింగ్ సిస్టములు: స్టోర్స్ పని విండోస్‌లో, స్ప్రింగుల పరీక్ష రీడింగులు లినక్స్‌లో. ఆన్ చేయగానే ఏది కావాలో ఎంచుకోవాలి. లినక్స్ ఎక్కించేటప్పుడు అదొక ప్రశ్న వేసింది: మదర్‌బోర్డు మీది గడియారం గ్రీనిచ్ టైములో ఉందా అని. గ్రీనిచ్ అన్న మాట గొప్పగా తోచి ‘అవును’ నొక్కేశాను. ఆ గడియారమేమో విండోస్ పెట్టిన మన టైములోనే ఉంది.

రీడింగులు తీసేది సింహాచలం. టెక్కలి వైపు మనిషి, ఊళ్ళోనే భాలుబాసా పేటలో ఉండేవాడు. ఉదయం ఆరు నుంచి రెండింటి దాకా అతని షిఫ్టు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని టైములను మూడో నెలలో ఎవరో చూశారు, అతనికి మెమో వచ్చింది. రీడింగుల మీద సాయంత్రం నాలుగున్నర అని పడింది. గేటు రిజిస్టరు ప్రకారం అతను రెండింటికే వెళ్ళిపోయాడు. ఎవరిచేతో దొంగ రీడింగులు ఎక్కించాడన్నది అభియోగం. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. మేనేజరు కంప్యూటరు ఆన్ చేయించి చూశారు. విండోస్‌లో టైము నిక్కచ్చిగా ఉంది. ఇంకేం, అతని పని అయిపోయిందనుకున్నారు అందరూ.

“నాను పదకొండింటికే తీసినాను బాబూ. ఈ పెట్టికి ఏటైందో నాకేటి తెలుసు?” అంటూ నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

లినక్స్ తెరిచాను. గోడ మీద పదిన్నర, తెర మీద సాయంత్రం నాలుగు. మనకూ గ్రీనిచ్‌కూ ఉన్న తేడా సరిగ్గా అంతే! మన టైముకే లినక్స్ మరో అయిదున్నర గంటలు కలుపుతోంది. చదువుకున్న గాడిద అంటే ఎవరో నాకప్పుడు బోధపడింది. సిగ్గేసింది కూడా. సెట్టింగును లోకల్ టైముకు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

రిపోర్టుకు మాత్రం గంట పట్టింది. ‘సాంకేతిక లోపం వల్ల’ అని అందంగా మొదలుపెట్టి, సింహాచలానికి చదివి వినిపించాను. చేతులు కట్టుకుని విన్నాడు.

“బాగుందండి. నా మెమోలో సింహాచలం అని పేరెట్టి రాసినారు. మీ కాయితంలో ఈ సాంకేతిక లోపం గారు ఎవులండి? మన ల్యాబులో నానెప్పుడూ సూడ్లేదు.”

ఆ కాగితం చింపేశాను. ‘తప్పు జవాబు నొక్కింది నేను’ అని రాసి సంతకం పెట్టాను. అతని మెమో వెనక్కి తీసుకుని నాకొకటి ఇచ్చారు.

ఆ తర్వాత రెండు సిస్టములున్న ఏ యంత్రాన్నయినా, రెండింటినీ తెరిచి చేతి గడియారంతో సరిచూశాకే అప్పగించేవాణ్ణి. తప్పు గురించి రిపోర్టు రాయాల్సివస్తే, చేసినవాడి పేరు మొదటి వాక్యంలోనే పెట్టేవాణ్ణి. ఎక్కువసార్లు అది నాదే.